ఆఖరి మాట జనానికి

గోవర్ధనం తలకి అచ్చుపట్టీ బిగించడం అది ఇరవై ఆరోసారి. పట్టీ ఒరుసుకున్నచోట జుట్టు ఊడిపోయి, నుదుటి పైన చుట్టూతా నున్నటి గీత పడింది.

"యాభై ఏళ్ళు కిరీటాలు పెట్టానమ్మలూ. ఒక్క కిరీటమూ నన్నిట్టా తినలేదు," అన్నాడు.

"వదులు చెయ్యనా నాన్నా?" అంది వకుళ.

"వద్దులే. జారిందంటే మళ్ళీ మొదటినించీ చెప్పమంటాడు మీ డాక్టరు. కానియ్."

గుంటూరులోని ఆ పరిశోధనశాలలో వకుళ సాంకేతిక సహాయకురాలు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ పట్టా చేతికొచ్చిన మొదటి మనిషి. మిగతావాళ్ళంతా తెనాలి సువర్చలా నాట్యమండలి వాళ్ళు, తెరల మూటల్లో పడుకుని పెరిగినవాళ్ళు. అచ్చుపట్టీ డాక్టర్ భానుమూర్తి తొమ్మిదేళ్ళ కష్టం. తనకి బాగా వచ్చిన పనిని ఒక మనిషి ఆ పట్టీ కట్టుకుని చేస్తే, ఆ పని అతని ఒంట్లో ఎలా ఇంకి ఉందో యంత్రం అచ్చు తీసుకుంటుంది. దాన్ని ఇంకో మనిషికి గంటలో దింపుతుంది. వీణ వాయించేవాళ్ళ మీద, చేనేతవాళ్ళ మీద చిన్న చిన్న ముక్కలుగా చూశారు. మొత్తం వేషాలకి తియ్యడం గోవర్ధనంతోనే మొదలు.

గది మధ్య వేసిన చెక్క దిమ్మ మీదికెక్కి గోవర్ధనం కెప్టెన్ విరజుడు అయిపోయాడు. డెబ్బై నిమిషాలు ఆగకుండా నడిచాడు, అరిచాడు, లేని కిటికీలోంచి లేని చుక్కలు చూశాడు. చివర కళ్ళు మూసుకుని చెయ్యెత్తి ఆగిపోయాడు.

"అంతే," అన్నాడు.

కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ముగింపు సంకేతం అందలేదు, కొనసాగించాలా అని. గడిచిన ఇరవై అయిదుసార్లూ నొక్కినట్టే వకుళ అవునని నొక్కింది. అయిదూ నలభై బస్సు తప్పితే మళ్ళీ ఏడింటికి గాని లేదు. ముసలాయన అలిసిపోయి ఉంటాడు, యంత్రానికి అది అందలేదు అనుకుంది. అనుకుంది అనడం కూడా ఎక్కువే. వేలు నొక్కింది, అంతే.

'ఎనిమిదో ఆకాశం' ఎనిమిదేళ్ళపాటు ప్రతి ఆదివారం టీవీలో వచ్చింది. చచ్చిపోయిన భూమిని వదిలి నూట నలభై మందితో ఒక నౌక బయల్దేరుతుంది. నేల దొరకదు. పిల్లలు పుడతారు, పెద్దవాళ్ళు పోతారు, కెప్టెన్ మాత్రం అందర్నీ మాట దాటనివ్వకుండా ముందుకు నడిపిస్తాడు. దాన్ని నాటకంగా ఇరవై ఊళ్ళలో ఆడమని ఛానల్ వాళ్ళే వచ్చి అడిగారు. మండలిలో ఎవరూ నమ్మలేదు. ఎనిమిదేళ్ళుగా వాళ్ళ నాటకాలకి ముందు రెండు వరసలు నిండడమే గొప్ప.

నాలుగు వందల పన్నెండు భాగాలని రెండున్నర గంటలకి కుదించే పని వకుళ మీద పడింది. "చదువుకున్నదానివి, నువ్వే రాయి," అన్నాడు తండ్రి. ఆమె రాత్రిళ్ళు కూర్చుని నాలుగు వందల భాగాలు తీసి పారేసింది. నౌక లోపల మాత్రమే కథ నడిపింది. ఇంతకీ వేషాలు కట్టేదెవరు? మండలిలో మిగిలింది తొమ్మిది మంది, తొమ్మిది మందికీ పగలు వేరే పనులు. రిహార్సల్‌కి ముగ్గురొస్తే ఆరుగురు రారు. ఇరవై ఊళ్ళు తిరిగే ఓపిక గోవర్ధనానికి లేదు.

"మా ల్యాబ్‌లో ఒక పట్టీ ఉంది," అన్నది వకుళే.

ఆ మాట అన్నది తనే కాబట్టి, తర్వాత జరిగినదాన్ని ఆమె ఇంకెవరి మీదా పెట్టలేకపోయింది.

గోవర్ధనానికి ఆ కథంటే చిన్నచూపు. "టీవీ సరుకు. చేతిలో ఆయుధం లేదు, తల మీద కిరీటం లేదు, గోడకేసి మాట్లాడతాడు. ఇదేం వేషమే?" అన్నాడు. అన్నా, వేషం కట్టాక తక్కువ చెయ్యడం ఆయనకి తెలీదు. పాత నాటకాల్లోంచి ఒక రాజు నడక తెచ్చాడు. ఒక ముని చూపు, పుత్రశోకంలో ఒక తండ్రి గొంతు తెచ్చాడు. అన్నీ కలిపి విరజుణ్ణి కుట్టాడు. అందుకే డాక్టర్ ముందుగా ఆ పాత వేషాలకి అచ్చులు తీద్దామన్నాడు. కొత్త వేషం వాటి మీదే కదా నిలబడి ఉంది! అలా పాతవి ఇరవై అయిదు. ఇరవై ఆరోది కెప్టెన్.

సోమవారం సాయంత్రం తెనాలిలో హాలు రిహార్సల్‌కి ఛానల్ నించి ఒకమ్మాయి కెమెరాతో వచ్చింది. స్టేజీ మీద తాయారు పిన్ని తీగకి వేలాడుతోంది. ఒకప్పుడు మునుల్ని మబ్బుల్లోంచి దింపిన కప్పీ అదే. ఇప్పుడు దానితో శూన్యంలో తేలే నౌక డాక్టరమ్మ వేషాన్ని నడిపిస్తున్నారు.

"ఒరేయ్, కిందకి దింపండ్రా. నేను తేలట్లేదు, ఉరేసుకున్నట్టున్నాను," అని అరుస్తోంది పిన్ని.

"బరువు తగ్గు పిన్నీ, ఆకాశంలో బరువుండదు," అన్నాడు త్రినాథ్. అతను వకుళకి మేనత్త కొడుకు. కొరియర్ ఆఫీసు సంచీ ఇంకా భుజాన్నే ఉంది.

"ఆకాశంలో ఉండదేమో గాని, మీ మావయ్య మిగిల్చిన పులిహోరంతా నా ఒంట్లోనే ఉంది. దింపు!"

సంచీ పక్కన పెట్టి త్రినాథ్ స్టేజీ ఎక్కాడు. శనివారమే అతనికి కెప్టెన్ అచ్చు దింపారు. ఎనిమిదేళ్ళుగా ద్వారపాలకుడికి మించి వేషం దొరకనివాడు. ఒక్క అడుగు వేసేసరికి హాల్లో మాటలు ఆగిపోయాయి. గోవర్ధనం అడుగు అది. మడమ ముందు ఆని, ఒక లిప్త ఆగి, తర్వాత మునివేళ్ళు. పిన్ని గాల్లోనే చేతులు జోడించింది.

ఛానల్ అమ్మాయికి సంబరమైంది. "సార్, మీ పాత వేషం ఏదైనా ఒక్క ముక్క చూపిస్తారా? పక్కపక్కన పెట్టి వేస్తాం," అని గోవర్ధనాన్ని అడిగింది.

గోవర్ధనం లేచాడు. కండువా సర్దుకున్నాడు. వేల మందిని లేపి నిలబెట్టిన రాజుగారి ప్రవేశం అది. గుండెల నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు. అలాగే ఉన్నాడు. గంభీరంగా నిలబడ్డాడనుకుని అమ్మాయి తీస్తూనే ఉంది. వకుళ చూపు మాత్రం ఆయన పాదాల మీద పడింది. రెండు పాదాలూ నేలని తడుముతున్నాయి. ముందు ఏది పడాలో వాటికి తెలియడం లేదు.

"గొంతు బాగాలేదమ్మా," అని కూర్చున్నాడు.

గురువారం పొద్దున్న పెరట్లో పళ్ళు తోముకుంటుంటే వకుళే అడిగింది.

"నాన్నా, రాజుగారు రాగానే ఏమంటారు?"

ఆయన చెంబులో నీళ్ళు ఒలికిపోతున్నా చూసుకోలేదు. "తెలీదమ్మలూ."

"తండ్రి వేషంలో?"

"అదీ లేదు. ఇరవై అయిదూ పోయినయ్. మొదటిది పోయి నెల దాటింది. ఒక్కోటీ పోతుంటే చీకట్లో మెట్టు లేనట్టుంటదే. కాలు పెడతాను, ఉండదు."

"నెలనించీ తెలిసి చెప్పలేదా?"

"నీ ఉద్యోగం కదా! మన ఇంట్లో నెల తిరిగేసరికి జీతానికి సంతకం పెట్టే మనిషి నువ్వొక్కదానివే. నేను పాడయ్యానంటే మీవాళ్ళు నిన్నేమంటారో అని ఊరుకున్నా." నోరు పుక్కిలించి ఉమ్మాడు. "విచిత్రమేంటంటే, ఆఖరి మాటలున్నయ్. ఇరవై అయిదు నాటకాలవీ ఉన్నయ్. రాజు ఏమని పోతాడో తెలుసు, ఏమని వస్తాడో తెలీదు."

"అవెందుకు మిగిలాయి?"

"ఏమో. అవి ఆ గదిలో అనలేదుగా."

"ఎందుకనలేదు?"

పిచ్చిదానివా అన్నట్టు చూశాడు ఆయన. "అక్కడ జనమేరే?"

వకుళ చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. మండలిలో అందరికీ తెలిసిన సంగతే. పొలంలో మొదటి కంకి దేవుడిదని తమకోసం కోయనట్టు, రిహార్సల్లో ఆఖరి మాట అనరు. ఖాళీ కుర్చీల ముందు అంటే నాటకం అక్కడే చచ్చిపోతుందంటారు. ఆమె అక్షరాలు నేర్చుకోకముందే అది నేర్చుకుంది.

డాక్టర్ భానుమూర్తి ఇరవై ఆరు రికార్డులూ వరసగా తెరిచి చూశాడు. ఒక్కదానిలోనూ ముగింపు సంకేతం లేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అరిచే మనిషి కాదు, అరిస్తే బాగుండుననిపించింది వకుళకి.

"జ్ఞాపకాన్ని మూట అనుకోండమ్మా. అచ్చు తియ్యాలంటే ముడి విప్పాలి. మొదలుపెట్టిన పని చివరిదాకా చేస్తే ముడి దానంతటదే పడుతుంది. చివర దాకా రాకపోతే మూట విప్పినట్టే ఉండి, లోపలిది రాలిపోతుంది. అందుకే ఆ ఎర్ర అక్షరాలు పెట్టాను." ఆగి అడిగాడు. "మీరు అక్కడే పుట్టి పెరిగారు. ఆయన చివరి మాట అనరని మీకు తెలీదా?"

"తెలుసు సార్. మరీ దగ్గరగా తెలుసు. అందుకే తట్టలేదు."

"నేనూ అడగలేదు లెండి. సంకేతం లేదని రోజూ రిపోర్టులో ఉంది. సంతకం నాదే."

"తీసిన అచ్చులు ఆయనకే మళ్ళీ దించలేమా?"

"ఎలుకల మీద చూశాం. తీసిన తలలోకే దించితే పాతదీ కొత్తదీ కొట్టుకుని మిగిలిందీ పోయింది. మనిషి మీద చెయ్యను." తేదీలు చూశాడు. "విప్పిన మూట పది రోజులు నిలుస్తుంది. పాతవి ఇరవై అయిదూ గడువు దాటిపోయాయి. కెప్టెన్ అచ్చు తీసింది శుక్రవారం. ఇవాళ గురువారం. ఆ ఒక్కటీ మొదట్నించి చివరిదాకా ఆడితే నిలవచ్చు."

ఆ మధ్యాహ్నమే గోవర్ధనాన్ని పిలిపించి, అచ్చు తియ్యడం ఆపి సంకేతం చూడ్డానికే పట్టీ కట్టారు. డాక్టరూ, వకుళా, అటెండరు ఎదురుగా కూర్చున్నారు. ఆయన కెప్టెన్ని మొదలుపెట్టాడు. అప్పటికే అక్కడక్కడా మాట జారుతోంది. చివరికొచ్చాక కూతురి కోసం ఆ మాట అనేశాడు కూడా. సంకేతం రాలేదు. పెదవులు అన్నాయి గాని ఒళ్ళు అనలేదు.

"మేం ముగ్గురం జనం కాదా నాన్నా?"

"జీతాలకి కూర్చున్నవాళ్ళు జనమెట్టా అవుతారే? ఏమయిద్దో చూద్దామని వచ్చినవాడు జనం."

నాటకం ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. తొమ్మిదో రోజు అది.

శుక్రవారం త్రినాథ్ హాలు వెనక మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తింటుంటే వకుళ సంగతంతా చెప్పింది. అతను విని, ముద్ద గిన్నెలోనే వదిలేశాడు.

"మావయ్యని వెయ్యమంటావు. సరే. ఛానల్ వాళ్ళు వస్తున్నది అచ్చు దిగినవాణ్ణి చూడ్డానికి. నన్ను చూడ్డానికి." గొంతు తగ్గించాడు. "వకుళా, పొద్దున్నించి పార్సిళ్ళు మోసి వచ్చి అద్దంలో చూసుకుంటే నా ఒళ్ళే నాకు విసుగు. మొన్న ఒక్క అడుగు వేశాను. మొదటిసారి నా ఒళ్ళు నా మాట విన్నది. అది కూడా లాక్కుంటావా?"

"నీకు పంతొమ్మిది ఊళ్ళున్నాయి బావా. ఆయనకి ఈ ఒక్కటే ఉంది."

"మధ్యలో మర్చిపోతే? రెండు వేల మంది ముందు నోరు తెరిచి నిలబడితే? ఎట్టాంటి మనిషే ఆయన!"

"అందుకే నువ్వు కావాలి. ఆ వేషం ఇప్పుడు చెక్కుచెదరకుండా ఉన్నది నీ ఒక్కడిలోనే. తెర పక్కన నిలబడి అందించాలి."

త్రినాథ్ గిన్నెలో ముద్దని వేలితో చిదిమాడు. "ఆయన దగ్గర తీసుకుని, ఆయనకే అందించాలి. బాగుంది," అన్నాడు. తర్వాత ముద్ద ఎత్తాడు. ఒప్పుకున్నాడని ఆమెకి తెలిసింది.

గోవర్ధనాన్ని ఒప్పించడం ఇంకా కష్టమైంది. "ఇచ్చిన వేషం వెనక్కి అడగడం మన ఇంటా వంటా లేదు," అన్నాడు. వకుళకి వాదించే ఓపిక లేదు.

"ఇరవై ఆరుసార్లు ఆ బటన్ నొక్కింది నేను నాన్నా. నువ్వు స్టేజీ ఎక్కకపోతే బతికినన్నాళ్ళూ నేను దాన్ని నొక్కుతూనే ఉంటాను," అంది.

ఆయన కూతుర్ని ఎగాదిగా చూశాడు. "డైలాగు బాగుంది. నువ్వు రాసిన నాటకంలో ఇట్టాంటిది ఒక్కటి లేదేమే?" అన్నాడు. కండువా దులుపుకుని, "రంగు సామాను తీసిపెట్టు," అన్నాడు.

డాక్టరుకి జరిగినదంతా తన పేరుతో నాలుగు పేజీలు రాసిచ్చింది వకుళ. ఆయన చదివి, కింద తన పేరు కూడా రాశాడు. ఛానల్ వాళ్ళకి ఆ కాగితమే చూపించాడు. అచ్చుల పని అన్నిచోట్లా ఆపేయమని ఉత్తరాలు పంపాడు. తొమ్మిదేళ్ళ పని ఒక పూటలో మూతపెట్టి, టీ తాగడానికి వెళ్ళాడు.

ఆదివారం హాలు నిండింది. టీవీలో చూసిన కథ కట్టెదుట ఎలా ఉంటుందోనని పిల్లాజెల్లాతో వచ్చారు. సైకిల్ చక్రాలతో కట్టిన నౌక తెర వెనక కదిలింది. గోవర్ధనం నడిచొచ్చాడు. చప్పట్లు.

మొదటి అంకం గట్టెక్కింది. రెండో అంకంలో మాటలు తెగడం మొదలైంది. తెగినచోటల్లా తెర పక్కనించి త్రినాథ్ గుసగుసగా అందించాడు. మామూలు ప్రాంప్టరైతే మాట ఒక్కటే అందిస్తాడు. త్రినాథ్ చెయ్యి కూడా లేచేది, అడుగు కూడా పడేది. గోవర్ధనం ఓరగా అతన్ని చూసి తనూ వేసేవాడు. తెరకి అటొకరూ ఇటొకరూ ఒక్కలాగే నడవడం వకుళ చూసింది. మూడో అంకానికి త్రినాథ్ చొక్కా తడిసి ముద్దయింది. నాటకం ఆడింది అతనే, కాకపోతే ఎవరికీ కనపడలేదు.

చివరి దృశ్యం. నౌక కిటికీలో పచ్చటి వెలుగు. అరవై ఏళ్ళు అందర్నీ శాసించిన కెప్టెన్ జనం వైపు తిరిగాడు. త్రినాథ్ నోరు మూసుకున్నాడు. అతనిలో దిగిన అచ్చుకి ఆ చివర లేదు. అందించేవాళ్ళు లేరు.

గోవర్ధనం హాలంతా ఒకసారి చూశాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేదాకా ఆగాడు.

"నేల దొరికింది," అన్నాడు. "ఇకనుంచి మీరు నా మాట వినక్కర్లేదు."

మంగళవారం గుంటూరులో పరీక్ష చేశారు. పట్టీ లేదు, కాగితాలే. పాత వేషాల మొదటి మాటలు డాక్టర్ ఒక్కోటీ చదివాడు. ఇరవై అయిదింటికీ గోవర్ధనం మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. కెప్టెన్ మొదటి మాట అనగానే మాత్రం ఆయన వీపు నిటారైంది. డాక్టర్ వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. ఉందని తెలిసింది, చాలు. ముడి పడింది గాని ఆయన ఒంట్లో దారం అరిగిపోయిందమ్మా," అన్నాడు వకుళతో. "ఇక మీదట మొదలుపెడితే చివరిదాకా వెళ్ళాలి. జనంలోనే. సగంలో ఆగితే ఇదీ రాలిపోతుంది."

తిరుగు ప్రయాణంలో తెనాలి మీదుగా రేపల్లె వెళ్ళే బస్సు దొరికింది. గోవర్ధనం కిటికీ పక్కన కూర్చున్నాడు.

"యాభై ఏళ్ళలో రాజుల్ని కట్టాను, దేవుళ్ళని కట్టాను," అన్నాడు బయటికి చూస్తూ. "మిగిలినవాడు చూడు. టీవీవాడు."

నారాకోడూరు దాటాక ముందు సీటులో మల్లెపూల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ వెనక్కి తిరిగి తిరిగి చూసింది. మూడోసారికి ఉండబట్టలేకపోయింది.

"అయ్యగారూ, మీరు కెప్టెన్ గారు కదూ? ఆదివారం మా తోడికోడలు చూసొచ్చి ఒకటే చెప్పడం, ఫోన్లో మీ ఫోటో కూడా చూపించింది. నాకే కుదర్లా."

"టిక్కెట్టు దొరకలేదా అమ్మా?"

"పూలెవరు అమ్ముతారండీ? ఏమనుకోకపోతే, నౌక కదిలేటప్పుడు ఏందో అంటారంటగా..."

వకుళ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. అప్పటికే గోవర్ధనం లేచాడు. పై కడ్డీ పట్టుకున్నాడు. మడమ ఆనింది, ఒక లిప్త ఆగాడు, మునివేళ్ళు ఆనాయి. మొదటి మాట బయటికొచ్చేసింది. పూలావిడ బుట్ట పక్కన పెట్టింది. ఫోన్లో మాట్లాడుతున్న కుర్రాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. డ్రైవరు అద్దంలో చూశాడు.

తెనాలి బస్టాండుకి చేరేసరికి నౌక ఇంకా సగం ఆకాశంలోనే ఉంది. సగం మంది దిగారు. ఎక్కినవాళ్ళు నిలబడ్డచోటే నిలబడి వింటున్నారు. పూలావిడ దిగలేదు.

కండక్టరు వకుళ దగ్గరికొచ్చాడు. "మీది తెనాలే కదమ్మా? దిగరా?"

"ఇంకా ఉందండీ," అంది వకుళ. "రేపల్లెకి రెండు ఇవ్వండి."